మొలతాడుకు చిల్లుకానీ

అనగనగా రైలు ఆగే ఒక చిన్న ఊళ్ళో మరమరాలు అమ్ముకునే ఎర్నమ్మ ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు, అసిరయ్య. వాడు కేకేస్తే రైలింజను సిగ్గుపడి కూత మానేసేది. అంత గొంతు.

అప్పుడు దొరల రాజ్యం. యుద్ధం వచ్చి రాగి కరువైంది, చిల్లర కరువైంది. అందుకని దొరలు మధ్యలో చిల్లు పెట్టి కానీలు వేయించారు. ఎంత చిల్లనుకున్నావు? అందులోంచి చూస్తే కాశీ కనబడేది.

ఆ తర్వాత అసిరయ్య సిపాయిల్లో చేరాడు. రైలెక్కే ముందు ఎర్నమ్మ తన చేతికొచ్చిన మొట్టమొదటి చిల్లుకానీని వాడి మొలతాడుకు గుచ్చి ముడేసింది.

"తాడు తెగితే తప్ప ఇది ఊడదు నాయనా. దీంతోనే తిరిగి రా."

"మొలతాడు తెంపేది మనిషి పోయాకే కదే అమ్మా, ఊరికే ఎందుకు తెగుతుంది" అని వాడు నవ్వాడు.

అప్పుడు స్టేషన్లో మూటలు మోసే సూరన్న వేళాకోళానికి ఒక మాటన్నాడు. చిల్లుకానీ మధ్యలోంచి తీసిన రాగితోనే తుపాకీ గుళ్ళు చేస్తున్నారని. ఎర్నమ్మ ఆ మాట పట్టుకుంది. కానీలన్నీ తను దాచేస్తే, చిల్లర లేక దొరలు గుళ్ళు కరిగించి కానీలు పోసుకుంటారు. గుళ్ళు లేకపోతే యుద్ధం లేదు. యుద్ధం లేకపోతే కొడుకు ఇంట్లో ఉంటాడు.

అంతే, చేతికొచ్చిన ప్రతి చిల్లుకానీనీ తాడుకు గుచ్చింది. ఆ దండ ఎత్తబోయి ఏనుగుకు నడుం పట్టేసింది. నవ్వకు, నేను చూశాను. అప్పటికి పుట్టలేదు గానీ, చూశాను.

మొదట ఆకలి వచ్చింది. గంజినీళ్ళు తాగింది గానీ దండ విప్పలేదు. ఆ తర్వాత జ్వరం వచ్చింది. మూలుగుతూ పడుకుంది గానీ దండ విప్పలేదు. ఆ తర్వాత గాలివాన వచ్చి ఇంటికప్పు ఎత్తుకుపోయింది. అప్పుడు సూరన్న పరిగెత్తుకొచ్చి, నేనన్నది ఉత్త మాటే, ఆ కానీలతో కప్పు వేయించుకోవే అని మొత్తుకున్నాడు.

ఎర్నమ్మ తడుస్తూనే, "ఊళ్ళోవన్నీ దొరికాయిరా. వాడి మొలనున్నదొక్కటే బయటుంది" అంది.

అప్పుడు నిజంగానే యుద్ధం ఆగింది. తనే ఆపాననుకుంది పిచ్చితల్లి. రోజూ బుట్టెడు మరమరాలు వేయించుకుని, ఒక్క గింజ అమ్మకుండా, రైలు కోసం కూర్చునేది.

ఒకరోజు అసిరయ్యతో పనిచేసిన సిపాయి రైలు దిగాడు. ఆమె పేరడిగాడు. ఆ తర్వాత గుప్పిట విప్పి ఒక చిల్లుకానీ ఆమె చేతిలో పెట్టాడు. దానికి తెగిన మొలతాడు ముక్క వేలాడుతోంది.

ఎర్నమ్మ ఆ ముక్క విప్పకుండానే కానీని దండకు గుచ్చింది. "ఇప్పుడన్నీ వచ్చేశాయి" అంది.

ఆ తర్వాత ఆ కానీని కంటికానించి, రైలు వచ్చే వైపు చాలాసేపు చూసింది. కాశీ కనబడుతుందన్నానా? ఆమెకేమీ కనబడలేదు కన్నా.

కథ కంచి రైలెక్కింది,
చిల్లుకానీ దండకెక్కింది,
ఇంట్లో మన మంచం మీదికి
నిద్ర మెల్లగా ఎక్కింది.