తవిటమ్మ పార పట్టిన రోజు

అనగనగా, కొండలింకా ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకునే కాలాన, రెండు వాగుల నడుమ ఒక సీమ ఉండేది. దాన్ని ఒక దొర ఏలేవాడు. ఆ సీమలో పుట్టిన ప్రతి బిడ్డా మంత్రసాని చేతుల్లోనే పుట్టేది. మంత్రసానులకు పెద్ద ముత్తేలు అనే ఆవిడ. పని నేర్చుకున్న పిల్లకు ముత్తేలు బొడ్డుకోసే కొడవలి ఇచ్చేది. అది అందుకుని ఆ పిల్ల ఊరందరి ముందూ ఒక మాట అనాలి: "రాయిలా పోతాను, రాయిలా వస్తాను."

ఆ సీమలో ఒక కట్టుబాటు ఉండేది. పురిట్లో బిడ్డ పోతే గొయ్యి మంత్రసానే తవ్వాలి. తవ్వుతూ ఏడవకూడదు. పొద్దువాలేలోగా ఇంకో పురిటింటికి పోవాలి. ఏడిస్తే కొడవలి లాగేసుకుంటారు. ఆమె చేతిలోని పార ఇంకెవరైనా ముట్టుకుంటే చావు దోషం వాళ్లకే అంటుతుంది. వాళ్లను వాగు అవతలికి తోలేస్తారు.

అలా అయితేనే కొత్తపిల్లల గుండె గట్టిపడుతుందట! బరువు తగ్గించరు, భుజాలు గట్టిపడాలంటారు. ఏలేవాళ్ల న్యాయం ఏనాడైనా ఇంతే.

ఆ సీమలోనే తవిటమ్మ అనే ముసలావిడ ఉండేది. పురిటిళ్లలో నీళ్లు కాచేది. కట్టెలు తెచ్చేది, కాగు ఎక్కించేది, మసిగుడ్డతో దించేది. ఆమె పేరెవరూ అడగలేదు. "నీళ్లమ్మీ" అనేవారు.

ఒక ఏడు సూరమ్మ కొడవలి అందుకుంది. ఆమె చేతుల్లో మొదటి బిడ్డ పోయింది. గొయ్యి తవ్వుతూ సూరమ్మ ఏడ్చింది. కొడవలి లాగేశారు. ఆ సాయంత్రమే సూరమ్మ సీమ విడిచిపోయింది, మళ్లీ ఎవరికీ కనబడలేదు. కాగు పక్కన తవిటమ్మ నిలబడి చూసింది. నోట మాట రాలేదు.

మరో ఏడు పారి కొడవలి అందుకుంది. ఒక గొయ్యి తవ్వింది, ఏడవలేదు. ఇంకో గొయ్యి తవ్వింది, ఏడవలేదు. దొర మెచ్చి కోక పెట్టాడు. "మంత్రసాని అంటే ఇదీ!" అన్నాడు. తర్వాత ఒక పురిటింట్లో బాలింత పారిని పిలుస్తూ అరిచింది. "అప్పా, నెత్తురు! ఆగట్లేదప్పా!" పారి గోడవైపు చూస్తూ కూర్చుంది. ఆమెకా కేక వినబడలేదు. తవిటమ్మ పరుగెత్తుకొచ్చి భుజం పట్టి కుదిపేసరికి తల్లి చేయి చల్లబడిపోయింది. పారి కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి ఏమీ లేదు. "గొయ్యెక్కడ తవ్వాలి?" అని అడిగింది.

రాయి కమ్మన్నారు, అయింది. తవిటమ్మ మసిగుడ్డతో కాగు దించింది.

ఆ తర్వాత అసిరి కొడవలి అందుకుంది. మొదటి పురిట్లోనే పేగు మెడకు చుట్టుకుని బిడ్డ నీలంగా వచ్చింది. అసిరి పేగు విప్పింది, ఒళ్లు రుద్దింది, నోట్లో ఊదింది. బిడ్డ ఏడవలేదు. అసిరి చేతికి పార ఇచ్చారు. ఊరు చుట్టూ మూగింది. అప్పుడే దొరగారి మనిషి వచ్చాడు.

"దొరగారి కోడలికి నొప్పులు వచ్చీసినాయి. అసిరిని బేగి రమ్మన్నారు."

పారిని పిలవడానికి అందరికీ భయం. ముత్తేలుకు చూపు ఆనదు. ఆ ఊళ్లో ఇక మిగిలింది అసిరే.

"ఏటే గుంటా, అలా నిలబడిపోనావు? తవ్వీసి ఎల్లు," అంది ముత్తేలు.

"పెద్దమ్మా, సేతులు వణికిపోతన్నాయి. ఈ సేతుల్తో ఆ తల్లిని కూడా సంపీగల్ను."

"నోరుముయ్యి. నీ ఈడులో నాను ముగ్గుర్ని పాతీసి వచ్చి సద్దన్నం తిన్నాను."

"అందుకేనేటి, నీకిప్పటికీ నిద్దర పట్టదు?" అంది వెనకనుంచి ఒక గొంతు.

అందరూ తిరిగి చూశారు. నీళ్లమ్మి! ఏనాడూ మాటాడని మనిషి. ముందుకొచ్చి అసిరి చేతిలోంచి పార లాక్కుంది.

ఊరు రెండడుగులు వెనక్కి జరిగింది.

"ఒసే, ముట్టీసినావేటే! వాగు దాటించీస్తారు!" అని అరిచాడు దొరగారి మనిషి.

"దాటించుకోమను. నీళ్లంటే నాకు భయమేటి?" అని తవిటమ్మ మన్ను తీయడం మొదలుపెట్టింది. "అసిరీ, కూకో. ఏటైందో మొదట్నించీ సెప్పు. ఏడుపొస్తే ఏడు. నాను తవ్వుతా ఇంటాను."

అసిరి చెప్పింది. బిడ్డ ఎలా వచ్చిందో, ఏ రంగులో ఉందో, తను ఎంతసేపు పిలిచిందో. "ఇంకేటి సేయాల్సింది, అమ్మా?"

"పక్కనే ఉండి సూసినాను కదే. సేయాల్సిందంతా సేసినావు."

అసిరి భోరుమంది. గుంపులోంచి పారి నడిచొచ్చింది. అసిరి పక్కన కూలబడింది. ఆమె గొంతులోంచి ఒక కేక లేచింది. ఇన్నేళ్లూ తవ్విన గోతులన్నీ ఆ కేకలో ఉన్నాయి. విన్నవాళ్లు చెవులు మూసుకున్నారు.

తవిటమ్మ బిడ్డను పడుకోబెట్టి మన్ను కప్పింది. "ఇప్పుడు లెగండి. ఇద్దరూ ఎల్లండి. ఇకనించి ఒక్కర్తీ ఎప్పుడూ ఎల్లకండి."

ఇద్దరూ వెళ్లారు. దొర కోడలికి బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది. అసిరి చేతులు అలిసిపోతే పారి చేతులు అందుకున్నాయి. ఆ తల్లి మూలిగిన ప్రతి మూలుగూ పారికి వినబడింది. దీపాల వేళకు బిడ్డ కేరుమంది. దొర ఊరంతా బెల్లం పంచాడు.

ఆ బెల్లం నోట్లో కరగకముందే తవిటమ్మను వాగు దాటించారు.

నమ్మబుద్ధి అవుతుందా? మనవడిని ఎత్తుకున్న చేతులతోనే ఆ దొర వాగువైపు వేలు చూపించాడు. కట్టుబాటు కట్టుబాటేనట! ఊరు చూస్తూ నిలబడింది. చూస్తూ నిలబడినవాళ్లందరికీ అందులో పాలుంది.

వాన పట్టింది. వాగు పొంగింది. పొంగు తీశాక అసిరి, పారి అవతలికి వెళ్లారు. ఆరిపోయిన పొయ్యి పక్కన తవిటమ్మ ముడుచుకుని ఉంది. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

మర్నాడు మంత్రసానులందరూ దొర వాకిట్లోకి వచ్చారు. కర్ర పట్టుకుని ముత్తేలూ వచ్చింది. అందరూ కొడవళ్లు గుమ్మం ముందు పెట్టారు.

"ఎత్తండి వాటిని! సీమలో పురుళ్లెవరు పోస్తారు?" అని దొర గర్జించాడు.

"తవిటమ్మని మోసుకురా దొరా," అంది అసిరి. "ఊరి నడిమిన గొయ్యి తియ్యి. పార నువ్వే పట్టాల. ఏడుపొస్తే ఏడు, మేమేటీ అనం."

నిండు చూలాళ్లు వచ్చి కొడవళ్ల వెనక కూర్చున్నారు. వాళ్ల మొగుళ్లు వచ్చి నిలబడ్డారు. దొర వాళ్లందర్నీ చూశాడు. పార అందుకున్నాడు.

నేటికీ ఆ సీమలో మంత్రసాని ఒంటరిగా పురిటింటికి పోదు. గొయ్యి తవ్వాల్సి వస్తే ఊరి పెద్ద తవ్వుతాడు. పురిటింటి తలుపు తెరుచుకున్నప్పుడు మగబిడ్డా ఆడబిడ్డా అని ఎవరూ ముందడగరు. నీళ్లు కాచిన ముసలమ్మ ముందుకొస్తుంది. మంత్రసాని చేతుల మీద వేణ్ణీళ్లు పోస్తూ అడుగుతుంది: "సెప్పమ్మా, నీకెలాగుంది?"

ఆమె చెప్పడం అయ్యేదాకా, దొరైనా సరే, గుమ్మం బయటే నిలబడాలి.