సుద్దబండ మీద పెద్దయ్య గీతలు

అనగనగా ఒక అడవిలో ఒక సుద్దబండ ఉండేది. అలాంటిలాంటి బండ కాదర్రా. ఎవరికే చిక్కొచ్చినా ముందు దాని దగ్గరికే పరుగెత్తేవారు. గుహలో తేనెటీగలు దూరితే ఏం చెయ్యాలి, కాల్లో ముల్లు విరిగితే ఎలా తియ్యాలి, అన్నీ దాని మీద బొమ్మలుగా గీసి ఉండేవి. చిక్కు విప్పుకున్నవాళ్లు ఆ ఉపాయం బండ దగ్గర చెప్పాకే ఇంటికెళ్లాలని అక్కడి కట్టుబాటు.

విన్న ఉపాయాన్ని గీసే పని ముళ్లపంది సూదమ్మది. ఆమెకా పని నేర్పింది తాబేలు పెద్దయ్య. ఆయన పోయి రెండేళ్లయింది. అయినా సూదమ్మ పొద్దున్నే లేచి ఆయన గీతల మీద దుమ్ము తుడిచేది. "నిదానంగా గియ్యి తల్లీ, బండెక్కడికీ పారిపోదు" అని ఆయన దగ్గుతూ అన్న మాట ఇంకా చెవిలో వినిపించేది. ఎంత మంచి రోజులో అనుకుని కళ్లు ఒత్తుకునేది.

ఒకరోజు గోరింక వచ్చింది.

"పిన్నీ, కాలువ ఆగితే గట్టు మీది రాళ్లు తీసెయ్యమని పెద్దయ్య గీశాడు చూడు, అది చెరిపెయ్యి. నిరుడు వరదకి కాలువ దారి మారింది. ఇప్పుడా రాళ్లు తీస్తే నీళ్లు కుందేళ్ల బొరియల్లోకే పోతాయి. అడ్డుపడ్డ తుంగ పీకితే చాలు" అంది.

"పెద్దయ్య చేతి గీత చెరపడానికి నాకు చెయ్యెలా వస్తుందే?" అంది సూదమ్మ.

మర్నాడు ఉడుతా అదే మాట చెప్పింది. మూడోనాడు కుందేలమ్మే వచ్చి, "నా పిల్లలింకా కళ్లు తెరవలేదు వదినా" అని బతిమాలింది. సూదమ్మ మొహమాటంలో పడింది. పాతది అలాగే ఉంచి, కొత్త ఉపాయాన్ని బండ వెనకవైపు గీసింది. బండ చుట్టూ తిరిగి చూసేదెవరర్రా? పాము చావకూడదు, కర్ర విరగకూడదు అంటే అన్నిసార్లూ కుదురుతుందా?

నాలుగు రోజులకే కాలువ ఆగిపోయింది. ఆ అడవికి కొత్తగా వచ్చిన ఎలుగుబంటి బూచన్న బండ ముందువైపు చూశాడు. పాపం, పదిమందికీ సాయం చేద్దామని చెమటోడ్చి రాళ్లన్నీ పక్కకి నెట్టాడు. ఆగిన నీళ్లు ఒక్కసారిగా బొరియల మీద పడ్డాయి.

కుందేలమ్మ కేక విని సూదమ్మ పరుగున వెళ్లి, అందరితో కలిసి బురద తవ్వింది. మూడు పిల్లలు బయటికొచ్చాయి. నాలుగోది చాలాసేపు కదల్లేదు. తల్లి నాకగా నాకగా చివరికి చిన్నగా తుమ్మింది.

"నేను బండ మీదున్నట్టే చేశానక్కా" అన్నాడు బూచన్న తలొంచుకుని.

సూదమ్మని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

తిన్నగా బండ దగ్గరికెళ్లి, తడి ఇసకతో పెద్దయ్య గీతని రుద్దింది. ఏడుస్తూనే రుద్దింది. అది చెరిగేసరికి దాని అడుగున ఇంకో బొమ్మ లీలగా కనిపించింది. అదే కాలువ, వేరే మలుపు. గీసిన చెయ్యి కూడా వేరే. పెద్దయ్య కూడా తన గురువు గీతని చెరిపే, ఆ చోటే తనది గీశాడన్నమాట.

"నాకెప్పుడూ చెప్పలేదేం పెద్దయ్యా" అంది సూదమ్మ.

కళ్లు తుడుచుకుని, తుంగ పీకే ఉపాయాన్ని ముందువైపే గీసింది. ఈసారి లోతుగా గియ్యలేదు. రేపు దీన్ని చెరిపేవాళ్లకి చెయ్యి నొప్పి పుట్టకూడదని.

నీతి: నలుగురూ నమ్మి నడిచే మాటని కాలానికి తగ్గట్టు దిద్దుతూ ఉండాలి, నేర్పిన పెద్దలకి మనమిచ్చే గౌరవం అదే.