నోట్లో నిప్పు పెట్టుకున్న దానమ్మ

ముందే చెప్తున్నా చిన్నీ, ఈ కథలో ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో నాకు కాస్త కలగాపులగం అవుతోంది. నడుమ ఎక్కడైనా ఆగిపోతే ఊఁ కొడుతూనే ఉండు. నువ్వు ఊఁ కొడితే నాకు దారి దొరుకుతుంది.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో దానమ్మ అని ఒకావిడ. ఇసక మీద చేపలు ఎండబెట్టి, గంపకెత్తుకుని, చుట్టుపక్కల ఊళ్ళల్లో అమ్ముకొచ్చేది. ఆవిడకి పైడి అని ఒక్కతే కూతురు.

ఆ పల్లెలో ఆడవాళ్ళు చుట్ట కాల్చేవారు. నవ్వకు, నిజంగానే. అదీ మగవాళ్ళు కాల్చినట్టు కాదు. వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసేవారు. దాన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి బయట నిప్పు నిలవదు మరి. నోట్లో అయితే చుట్ట ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి.

దానమ్మకి అది నేర్పింది వాళ్ళమ్మ సింహాద్రమ్మ. పొద్దు వాలే వేళకి తల్లీ కూతుళ్ళు ఇద్దరూ బోర్లించిన పడవకి ఆనుకుని కూర్చునేవారు. మాటా పలుకూ ఉండేది కాదు. పక్కపక్కన ఉన్నారు, అంతే.

ఆ తర్వాత సింహాద్రమ్మ పోయింది. అప్పటినించీ దానమ్మ ఒక్కతే కూర్చునేది. చుట్ట వెలిగించి, నిప్పు లోపలికి తిప్పి కళ్ళు మూసుకుంటే, ఆ వెచ్చదనానికీ ఆ వాసనకీ అమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉండేది. చుట్ట అయిపోగానే అమ్మ లేచి వెళ్ళిపోయేది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. అప్పుడు దానమ్మ నోటికి ఒక వింత వచ్చింది. పొయ్యి మీంచి దించిన గంజి ఊదుకోకుండా తాగేసేది. దీని నోరు ఇనప మూకుడర్రా అని ఇరుగుపొరుగు వాళ్ళు మెచ్చుకునేవారు. దానమ్మకీ లోలోపల గర్వంగానే ఉండేది.

ఆ తర్వాత కూరల్లో ఉప్పు ఎక్కువ కాసాగింది. పైడి కంచం పక్కకి తోసి, పులుసులోకి నీళ్ళు సముద్రంలో ముంచుకొచ్చావా అని దెప్పేది.

ఆ తర్వాత అంగిట్లో ఒక చోట మంట మొదలైంది. అక్కడ కారం తగిలితే చాలు, కళ్ళమ్మట నీళ్ళు.

మొదట అందరూ దిష్టి అన్నారు. పైడి ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. మంట తగ్గలేదు. అప్పుడు ఒంట్లో వేడి అన్నారు. దానమ్మ మజ్జిగ తాగింది, సబ్జా నీళ్ళు తాగింది. తాగినంతసేపే చల్లన. అప్పుడు ఎవరో ఏదో ఆకు పసరు తెచ్చిచ్చారు. అది పూస్తే మంట రెండింతలైంది. పాపం, ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పారు. నోరు తెరిపించి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

అప్పుడు పైడి పట్టుబట్టి తల్లిని బస్సెక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ నోటి జబ్బులు చూసే డాక్టరమ్మ ఉంది, పేరు వసుంధర. ఆవిడ ముందుగా మందు రాయలేదు. నోరు బాగా తెరవమని, లైటు వేసి, చిన్న అద్దం లోపల పెట్టి చాలాసేపు చూసింది. ఆ తర్వాత దానమ్మ చేతికి పెద్ద అద్దం ఇచ్చి నువ్వూ చూసుకో అంది. అంగిలి సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. తెలుపులో అక్కడక్కడ ఎర్రటి చుక్కలు, ఒక చోట చిన్న పుండు.

చుట్ట ఎటువైపు పెట్టుకుంటావమ్మా అని అడిగింది. దానమ్మ వేలు పెట్టి చూపించింది. డాక్టరమ్మ కోప్పడలేదు. రోజూ ఒకే చోట నిప్పూ పొగా తగిలితే లోపలి చర్మం మడమలాగా మందమైపోతుందనీ, అందుకే వేడీ రుచీ సరిగ్గా తెలియడం లేదనీ చెప్పింది. ఇలాంటి పుండే ముదిరితే రాచపుండు, అంటే క్యాన్సరు, కావచ్చు, కంటితో చూసి తేల్చలేను అంది. మొద్దుబారడానికి సూది ఇచ్చి, అక్కడినించి చిన్న తునక తీసి పరీక్షకి పంపింది.

ఫలితం వచ్చేదాకా దానమ్మకి తిండి సయించలేదు. మళ్ళీ వెళ్ళారు. డాక్టరమ్మ చెప్పింది.

"రాచపుండు కాదమ్మా. గుమ్మం దాకా వచ్చి నిలబడింది. చుట్ట మానేస్తే వెనక్కి పోవచ్చు. మానకపోతే లోపలికి వస్తుంది."

నెలనెలా వచ్చి నోరు చూపించుకోమంది. పైడికి ప్రాణం లేచొచ్చింది. దానమ్మ మాత్రం బస్సులో కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మానేస్తే బతుకుతుంది, నిజమే. మానేస్తే సాయంత్రం అమ్మ రాదు కదా.

మొదటిసారి చుట్టలన్నీ పట్టుకెళ్ళి సముద్రంలో పారేసింది. పొద్దు వాలగానే పక్కింట్లో అడిగి తెచ్చుకుంది. రెండోసారి నిప్పు లేకుండా ఉత్త చుట్ట నోట్లో పెట్టుకుంది. అమ్మ రాలేదు. వెలిగించేసింది. మూడోసారి పైడే చుట్టలు దాచేసింది. దానమ్మ ఇల్లంతా వెతికి, దొరక్క, గడపలో కూలబడి ఏడ్చింది.

నీకు నాకంటే ఆ పొగే ఎక్కువైపోయిందా అని పైడి నిలదీసింది.

"పొగ కోసం కాదే పైడీ. అది నోట్లో ఉంటే మాయమ్మ పక్కన కూకున్నట్టుంటాది."

పైడి కోపం ఎటు పోయిందో. దాచిన చుట్టలు మటుకు తియ్యలేదు. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఈ మాట డాక్టరమ్మకి చెప్పింది. డాక్టరమ్మ, మీ అమ్మ ఎలా పోయిందమ్మా అని దానమ్మని అడిగింది.

దానమ్మ చెప్పసాగింది. చివరి రోజుల్లో అమ్మకి మాట ముద్దముద్దగా వచ్చేదట. గంజి తాగితే ముక్కులోంచి వచ్చేసేదట. ఎవరూ చూడకుండా మొహానికి గుడ్డ అడ్డం పెట్టుకునేదట. అమ్మోరికి కోపమొచ్చిందనుకుని ఊరంతా మొక్కులు మొక్కారట. అంతవరకూ చెప్పి ఆగిపోయింది. చెయ్యి తన నోటి మీదికి దానంతటదే వెళ్ళింది.

"మాయమ్మకీ ఇదేనా?"

చూడకుండా గట్టిగా చెప్పలేను, నువ్వు చెప్పినదాన్నిబట్టి ఇదే అనిపిస్తోంది అంది డాక్టరమ్మ.

"అప్పుడు మాయమ్మ నోరు ఎవులూ తెరిసి సూడనేదు" అంది దానమ్మ.

ఆ సాయంత్రం ఆవిడ పడవ దగ్గరికి చుట్ట లేకుండా వెళ్ళింది. ఆశ చచ్చిందనుకుంటున్నావా? లేదు. నోరూరింది, చెయ్యి ఊరికే రొంటిలో చుట్ట కోసం తడుముకుంది. గాలికి పక్కవాళ్ళ పొగ వస్తే మొహం అటే తిరిగింది. అయినా కూర్చుంది.

అప్పుడు పైడి వచ్చి పక్కన కూర్చుంది, సింహాద్రమ్మ కూర్చునే వైపు.

"అమ్మా, అమ్మమ్మ ఎలగుండేదే?"

దానమ్మ తల్లి గురించి కూతురికి ఏనాడూ చెప్పలేదు. ఆ వేళప్పుడు ఎప్పుడూ నోరు మూసుకునే ఉండేది కదా. ఇప్పుడు మెల్లిగా మొదలుపెట్టింది. వాళ్ళమ్మ గంపెత్తుకుని నడిస్తే వెనక ఎవరూ అందుకోలేకపోయేవారని చెప్పింది. తుపాను రోజున సముద్రం హోరెత్తితే, గుమ్మంలో నిలబడి నోరుమూసుకోవే అని సముద్రాన్నే తిట్టేదని చెప్పింది. పైడి విరగబడి నవ్వింది. ఆ నవ్వు విని, అమ్మేనా అన్నట్టు, దానమ్మ ఒక్క క్షణం పక్కకి తిరిగి చూసింది. ఆ తర్వాత ఇంకోటి చెప్పింది.

అంగిట్లో పుండు మానింది. తెలుపు మెల్లమెల్లగా పల్చబడింది. అయినా నెలనెలా వెళ్ళి నోరు చూపించుకునేది. సముద్రం మీంచి గాలి మళ్ళితే మాత్రం ఇప్పటికీ దానమ్మకి చుట్ట మీదికి మనసు పోతుంది, అమ్మ మీదికి మనసు పోతుంది. అప్పుడు పైడిని పిలుస్తుంది.

నేను సింహాద్రమ్మ అనే చెప్పానుగా చిన్నీ? పొద్దున మీ పెద్దమ్మని అడిగి పేర్లు ఒకసారి సరిచూడు, ఈ కథ ఆవిడా విన్నదే. మిగతావి అటూ ఇటూ అయినా పర్లేదు, ఆ తల్లి పేరు మాత్రం తప్పకూడదు.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో నీ కంటి దారి పట్టింది.