కర్రెమ్మ కడుపు, నక్క మందు

గుట్ట కింది పాకలో కర్రెమ్మ అనే గేదె, మైలన్న అనే ఎద్దు పక్కపక్క గుంజలకు ఉండేవి. ఎండలు ముదిరేసరికి కర్రెమ్మ కడుపు మాట వినడం మానేసింది. ఒక రోజు పేడ నీళ్లలా పోయేది, మరో రెండు రోజులు అసలు పడేదే కాదు. మేత ముట్టగానే డొక్క ఉబ్బిపోయేది. పశువుల డాక్టరు వచ్చి, నొక్కి చూసి, రోగమేమీ లేదని చెప్పి వెళ్లాడు. రోగం లేకపోయినా నొప్పి మాత్రం ఉంది. పాలు తగ్గిపోయాయి. రెండు నెలల దూడ పొదుగును కుమ్మి కుమ్మి, ఆకలితోనే పడుకునేది.

కోడి వాము తినమంది. మేక వేపచిగురు నమలమంది. కర్రెమ్మ రెండూ ఒకే రోజు తిని, ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో తెలియక ఇంకా నీరసపడింది.

అప్పుడొచ్చింది నక్క, నోట ఒక వేరు కరుచుకుని. తనకూ ఇదే జబ్బు ఉండేదని, ఈ వేరుతోనే పోయిందని చెప్పింది. మర్నాడు ఆ వేరుకు తోడు ఇంకోటి కావాలంది. ఆ పై రోజు, రెండోది చేసిన వేడి తగ్గడానికి మూడోది తెచ్చింది. నొప్పి పెరిగిందంటే, మందు లోపల పని మొదలుపెట్టిందని సర్దిచెప్పింది. నాలుగో రోజు అసలు వేరు సంగతి బయటపెట్టింది. అది వాగు అవతల పొదల్లో ఉందట. రోగి కన్నబిడ్డే నోట కరిచి తెస్తే తప్ప పనిచేయదట.

"దూడను నాతో పంపు వదినా. పొద్దు వాలేలోపు తెచ్చి అప్పజెబుతా."

కర్రెమ్మకు భయం వేసింది. కానీ భయపడడానికి కూడా ఓపిక ఉండాలి. పాలు లేని తల్లి పక్కన ఉండి మాత్రం ఇది ఏం బాగుపడుతుందిలే అనుకుని, సరేనని తల ఊపబోయింది.

మైలన్న మేత ఆపింది. "ఒక్క మాట అల్లుడూ. నీకూ అచ్చం ఇదే జబ్బా?"

"అచ్చం ఇదే మామా. డొక్క డోలులా ఉబ్బేది."

"మరి వేరు తిన్నాక నెమరు సరిగ్గా పడిందా? కడుపు కుదుటపడిందనడానికి మాకు అదే గుర్తు."

"పడకేం? పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా నెమరేస్తూనే ఉన్నా. మా ఆవిడ చూసి దిష్టి కూడా తీసింది."

కోడి గింజలు ఏరడం ఆపి నక్క నోటికేసి చూసింది.

"ఇంత వయసొచ్చింది, నెమరేసే నక్కను ఇప్పుడే చూస్తున్నా," అంది మైలన్న. "ఏదీ, ఒకసారి వేసి చూపించు."

నక్క దవడ రెండుసార్లు ఆడించింది. లోపల్నుంచి ఏమీ రాలేదు. ఈలోగా కర్రెమ్మ లేచి, దూడకూ నక్కకూ మధ్య నిలబడి కొమ్ములు వంచింది. నక్క వచ్చిన దారినే జారుకుంది.

"మరి నా కడుపు సంగతేంటన్నా?" అంది కర్రెమ్మ, నీరసంగా.

తనకు మందులు తెలియవంది మైలన్న. తొట్టిలో పడే వాటిలో వారానికి ఒక్కటి మానేసి చూడమని, ఈలోగా ఎవరేం చెప్పినా కొత్తది ముట్టవద్దని మాత్రం చెప్పింది. కర్రెమ్మ మొదట వేరుశనగ చెక్క మానింది. తేడా లేదు. దాన్ని మళ్లీ తింటూ ఉలవ పొట్టు మానింది, కాస్త తెరిపి వచ్చింది. మూడో వారం ఉల్లి తొక్కలు కూడా వదిలేశాక ఉబ్బరం దిగింది. మునుపటంత కాకపోయినా దూడకు చాలినన్ని పాలు వచ్చాయి. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు కడుపు నొచ్చేది. అలాంటప్పుడు ఇంత ఎండుగడ్డి తిని, మెల్లగా నెమరేస్తూ పడుకునేది.

మందు తిని బాగుపడ్డానని చెప్పేవాడికి, అసలు నీ జబ్బు ఎప్పుడైనా వచ్చిందో లేదో ముందు తేల్చుకోవాలి.