ఖాళీ రథం పరుగు

నల్లకోన రాజావారు ఎనిమిది మంది పట్టే పెద్ద రథం చేయించారు. బేరగాడు తెచ్చిన గుర్రాలు కోట ముందు చదును నేల మీద ఆ ఖాళీ రథాన్ని గాలిలా లాక్కుపోయాయి. రాజావారు మురిసిపోయి, "ఇక మన ఎడ్లెందుకు? కటికవాడికి తోలెయ్యండి" అన్నారు.

ఎడ్లను సాకిన సింగన్న చేతులు కట్టుకుని, "చిత్తం ప్రభూ. రేపు తమరు ఏరు దాటి జాతరకు వెళ్తారు కదా, మీ వెనకాలే తోలుకొచ్చి అక్కడి కటికవాడికి అప్పగిస్తాను" అన్నాడు.

మర్నాడు రాజావారు, రాణిగారు, బంధువులు పెట్టెలతో సహా రథమెక్కారు. ఏటి ఇసుకలో చక్రాలు సగానికి దిగబడ్డాయి. కొరడా దెబ్బలకు గుర్రాలు ఎగిరెగిరి పడ్డాయే గాని రథం అంగుళం కదల్లేదు. చివరికి రాజావారే ఎడ్లను కట్టమన్నారు. అవి మెడలు వంచి, ఒక్కో అడుగే వేస్తూ, ఎవర్నీ దించకుండానే రథాన్ని ఒడ్డెక్కించాయి.

రాజావారు "గుర్రాలు వేటకుంచండి. రథానికి ఎడ్లే" అని, సింగన్న వైపు తిరిగారు. "ఈ సంగతి నిన్ననే ఎందుకు చెప్పలేదురా?"

"నిన్న రథం ఖాళీగా ఉంది ప్రభూ. తమరి బరువెంతో తమరికి చెప్పేంతటివాణ్ణా నేను?"