వీరోజి తాత ఓటిబిందె

స్టీలు గిన్నె ఇంకా పుట్టని కాలంలో, చింతపండుతో తోమిన ఇత్తడే ఇంటికి కళైన కాలంలో, ఒక కంచరి వీధి ఉండేదట. ఆ వీధిలో వీరోజి అనే కంచరి ఉండేవాడట. భార్య పోయింది. ఉన్నదల్లా ఒక్క కూతురు గవరమ్మ. తండ్రీకూతుళ్ళిద్దరూ కూర్చుని బిందెలు చేసేవారు.

ఆ వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. బిందె పూర్తయ్యాక వేలి కణుపుతో కొట్టి చూడాలి. మూతి మీద ఒకటి, పొట్ట మీద ఒకటి, అడుగున ఒకటి. ఖణీమంటే మంచి బిందె. సన్నని బీట ఉన్నా ఓటిమోత వస్తుంది. వాళ్ళకి అన్నం పెట్టేది చెవే.

తలుపులు మూసిన కొట్టంలో పొద్దస్తమానం వీరోజి సుత్తి మోగుతూనే ఉండేది. ఏళ్ళు గడిచాయి. ఒకరోజు సుత్తి ఆపినా చెవిలో మోత ఆగలేదట. గింగురుమంటూ, సన్నగా, ఎడతెగకుండా.

వీరోజి భక్తుడు. "కాళికాంబ తల్లి గజ్జె కట్టుకుని నా చెవిలో తిరుగుతోందే" అని కూతురికి చెప్పి మురిసిపోయాడు.

కొన్నాళ్ళకి సూరాయమ్మ అనే ఇల్లాలు అతని దగ్గర కొన్న బిందె చంకనేసుకుని వచ్చింది. చీరంతా తడిసిపోయింది.

"ఏం బిందె చేశావయ్యా వీరోజీ! బావి నుంచి ఇంటికొచ్చేలోపు దారంతా కళ్ళాపి. మా వీధి ఆడవాళ్ళు నా వెనకాలే ముగ్గులేసుకుంటూ వస్తున్నారు!"

వీధంతా నవ్వింది. వీరోజి బిందె అందుకున్నాడు. మూతి మీద ఒకటి, పొట్ట మీద ఒకటి, అడుగున ఒకటి. అతనికి మూడూ ఖణీమనే వినిపించాయి.

ఎదురింటి కంచరి బసవాచారి నవ్వు ఆపేశాడు. "మావా, ఓటిమోత నీకు వినపడట్లేదా?"

అప్పుడు తెలిసింది వీరోజికి. చెవిలో గింగురు అసలు మోతని మింగేస్తోంది. సూరాయమ్మకి కొత్త బిందె ఇచ్చి పంపాడు. ఓటిబిందె తనే ఉంచుకున్నాడు.

విభూతి పెట్టారు, తగ్గలేదు. తాయెత్తు కట్టారు, తగ్గలేదు. ఆకుపసరు పిండారు, తగ్గకపోగా చెవిపోటు వచ్చింది.

ఒక సాయంత్రం గవరమ్మ కొట్టంలోంచి పరుగెత్తుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"నాన్నా! నాకూ వినిపిస్తున్నాయి గజ్జెలు! తల్లి నా దగ్గరికీ వచ్చింది!"

వీరోజి తింటున్న అన్నం వదిలేసి లేచాడు.

"తల్లి కాదే అమ్మా, అది సుత్తి. నా చెవి తినేసింది. ఇప్పుడు నీ మీద పడింది."

మర్నాడు కొట్టం తలుపు తీయలేదు. ఆ మర్నాడూ తీయలేదు. మూడోనాటికి గవరమ్మ చెవి నెమ్మదించింది. వీరోజికి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ రోజు నుంచీ పని తీరు మార్చాడు. సుత్తిని ఆరుబయటికి తెచ్చాడు. దూదికి తేనెమైనం పట్టించి తన చెవుల్లో, కూతురి చెవుల్లో పెట్టాడు. కాసేపు కొడితే కాసేపు ఆపాలన్నాడు. బిందె పలికించి చూసేటప్పుడే దూది తీయాలి. ఆ చూడడం గవరమ్మ వంతు.

"చెవులు మూసుకుంటే తల్లి గజ్జెలు ఎలా వింటావు మావా?" అని బసవాచారి ఎకసెక్కమాడాడు.

"తల్లికి పలకాలని ఉంటే దూది అడ్డమా అల్లుడూ? వినడానికి నీకు చెవి మిగలాలి గానీ!"

వీధి సద్దుమణిగితే చాలు, వీరోజి చెవిలో మోత పెద్దదయ్యేది. ఓటిబిందెలో నీళ్ళు పోసి చూరుకి వేలాడదీశాడు. కింద పళ్ళెం పెట్టాడు. టప్... టప్... టప్. గింగురు పోలేదు. కానీ చుక్కల చప్పుడు వెనకాల ఒదిగిపోయింది. "నన్ను నవ్వులపాలు చేసిన బిందే నన్ను జోకొడుతోంది" అనేవాడట.

ఆ చుక్కలు వింటూనే ఒకనాటి తెల్లవారుజామున తల్లిలో కలిసిపోయాడు.

చాలా ఏళ్ళకి గవరమ్మ గుమ్మంలోకి బసవాచారి వచ్చాడు. తల ఎత్తలేదు. "మావ బిందె ఉందా అమ్మా? చెవిలో... కూర్చోనివ్వట్లేదు."

గవరమ్మ బిందె తీసుకెళ్ళి అతని చూరుకి తనే కట్టి, నీళ్ళు నింపి వచ్చింది.

గవరమ్మ పళ్ళన్నీ ఊడేదాకా బతికింది. కడదాకా ఆ వీధి బిందెలన్నీ ఆవిడే పలికించి చూసేది.

ఇప్పటికీ ఆ వీధిలో పిల్లలకి సుత్తి ఇచ్చే ముందు చెవుల్లో మైనందూది పెడతారు. ఓటిబిందె ఒకటి కరిగించకుండా దాస్తారు. ఎవరైనా చెవిలో మోత అంటే నవ్వరు. బిందె తెచ్చి కట్టి, "కూర్చో, వీరోజి తాత తోడుంటాడు" అంటారు.