మెడ వెనక పూసలు

అనగనగా ఒక అడవిలో, వాగు మెలిక తిరిగే చోట, ఒక మద్దిచెట్టు ఉండేది. ఆ చెట్టు తొర్రలో కనకాంబరం అనే ఉడుత కాపురం ఉండేది. మీరు ఊఁ కొట్టడం మానేశారో, కథ అక్కడే ఆపేస్తాను. సరేనా?

కనకాంబరానికి ఒక్కగానొక్క కూతురు. పేరు చామంతి. ఆ ఏడు చామంతి ఎదిగింది. ఆ అడవి ఉడుతలకు ఒక ఆచారం ఉండేది లెండి. ఎదిగిన కూతురు తొలకరి చినుకు పడగానే తన సొంత తొర్రకు వెళ్ళిపోతుంది. వెళ్ళేముందు తల్లి పూసల దండ ఒకటి కూతురి మెళ్ళో వేస్తుంది. ఆ దండ తల్లి తన చేత్తో గుచ్చిందే అయివుండాలి. ఇంకెవరి చెయ్యీ పడకూడదు.

చామంతి ముందే చెప్పేసింది. "అమ్మా, నాకు కొత్త దండ వద్దు. అమ్మమ్మ దండే కావాలి. అదే మళ్ళీ గుచ్చి ఇవ్వు."

అమ్మమ్మంటే కనకాంబరం వాళ్ళమ్మ, మందారం. పోయి రెండేళ్ళయింది. ఆవిడ దండ ఎండుటాకుల కింద భద్రంగా ఉంది. మొత్తం ఇరవై ఒక్క పూస. పైకి కనబడేవన్నీ నల్లటి కుంకుడు గింజలు, నిగనిగలాడుతూ ఉంటాయి. దారమే బాగా నలిగిపోయింది. ఎక్కడ తెగుతుందో తెలియదు.

కనకాంబరం ఆ దండ చేతిలోకి తీసుకుంది. పూసలు గలగలమన్నాయి. అంతే, దాని కళ్ళు చెమ్మగిల్లాయి. చిన్నప్పుడు ఆ గలగల వింటూనే అది నిద్రపోయేది. అమ్మ తోక కప్పుకుని పడుకుంటే, పైన అమ్మ పూసలు గుచ్చుతూ సన్నగా ఏదో కూనిరాగం తీస్తూ ఉండేది. మైనం వాసన, పచ్చి నార వాసన. "రావే కనకం, నేర్పుతాను, కూర్చో" అని పిలిచేది. ఇది వింటేగా! "రేపమ్మా" అని కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకేది. ఎన్ని రేపులు గడిచాయో ఎవరికి తెలుసు? అమ్మ ఉన్నన్నాళ్ళూ నేర్చుకోలేదు. ఇప్పుడు నేర్చుకుందామంటే అమ్మ లేదు.

"ఎంత తెలివితక్కువదాన్నమ్మా నేను" అని తనను తానే తిట్టుకుంది.

అడవిలో మందారంలా పూసల పని క్షుణ్ణంగా తెలిసిన వాళ్ళు ఇంకొక్కరే మిగిలారు. ఆవిడ ముత్యాలవ్వ, ముసలి ముళ్ళపంది. మందారానికి ప్రాణస్నేహితురాలు. ముళ్ళపందులు పగలు పడుకుని పొద్దుగూకాక లేస్తాయని మీకు తెలుసుగా? కనకాంబరం సరిగ్గా మిట్టమధ్యాహ్నం వెళ్ళి బొరియ ముందు నిలబడి పిలిచింది.

"ఎవరే అది, పట్టపగలు ప్రాణం తీస్తున్నారు?" అని లోపల్నించి అరిచింది అవ్వ.

"నేనే అవ్వా, మందారం కూతుర్ని. కనకాన్ని."

తరవాత అవ్వ మెల్లగా బయటికొచ్చింది. కళ్ళు చికిలించి చూసింది. "మా మందారం ముక్కే" అని గొణుక్కుంది. "ఏమే, ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా? కూర్చో. ఏం కావాలి?"

కనకాంబరం సంగతంతా చెప్పింది. అవ్వ వీపు మీంచి రాలిన ముల్లు ఒకటి ఏరి దాని చేతిలో పెట్టింది.

"ఇదిగో, ఇదే నీ సూది. ముందు చింతపిక్కలు తెచ్చుకో. ఒక పూటంతా నానబెట్టు. పంటితో చిన్న గాటు పెట్టి, ఆ గాట్లో ఈ ముల్లు ఆనించి మెల్లగా తిప్పు. బెజ్జం పడుతుంది. పడ్డవాటిని దండ గుచ్చు. అలా మూడు దండలు పాడు చెయ్యి."

"పాడు చెయ్యాలా?"

"చెయ్యక్కర్లేదు, అవే పాడవుతాయి. ఆ మూడూ పట్టుకుని రా. అప్పుడు నార సంగతి చెప్తాను, ముడి సంగతి చెప్తాను. ఆ తరవాతే మీ అమ్మ పూసలు ముట్టుకో. అందాకా వాటి జోలికి వెళ్ళావో, చూడు మరి!"

కనకాంబరానికి కొంచెం పౌరుషం వచ్చింది. మందారం కూతురు చింతపిక్కలతో పిల్లలాట ఆడాలా? అయినా తల ఊపి ఇంటికొచ్చింది. పిక్కలు నానబెట్టింది.

మర్నాడు పొద్దున పని మొదలుపెడితే, మొదటి పిక్క పంటి కింద పటుక్కున రెండు ముక్కలైంది. రెండో పిక్కలోంచి ముల్లు జారి అరచేతిలో దిగింది. మూడో పిక్కకు బెజ్జం పడిందిగానీ, మధ్యలో పడాల్సింది ఓ పక్కకి పోయింది. కనకాంబరం దాన్ని ఎత్తి చూసుకుంది. ఎంత అసహ్యంగా ఉందో! సిగ్గేసి విసిరికొట్టింది.

అప్పుడే పక్క కొమ్మ మీదికి గోరింక వచ్చి వాలింది. పేరు రాజ్యం. నోరు ఊరుకోదు. పొద్దున్నే అడవిమల్లెలు కట్టి కొమ్మకొమ్మకూ వేలాడదీయడం ఆవిడ అలవాటు.

"ఏంటి వదినా, ఈ అవస్థ? చింతపిక్కలతో కుస్తీ పడుతున్నావా?"

కనకాంబరం చెప్పింది. రాజ్యం కిసుక్కున నవ్వింది.

"ఆ ముసలమ్మ అంతే, దేన్నయినా సాగదీస్తుంది. నువ్వు పూలు కట్టవూ? కడతావు. పూలు కట్టే చేతికి పూసలొక లెక్కా? పైగా మీ అమ్మ పూసలకు బెజ్జాలు ఉండనే ఉన్నాయి. దారం మార్చడమేగా! ఇదిగో, తడిపిన అరటినార నా దగ్గరే ఉంది. తీసుకో. అటు చూడు, కొండ మీద మబ్బు పట్టేసింది. నువ్వు మూడు దండలు పాడు చేసేలోపు తొలకరి రానే వస్తుంది."

కనకాంబరం కొండవైపు చూసింది. మబ్బు నిజంగానే పట్టింది. ఒక పక్క అవ్వ మాట, ఇంకో పక్క చేతిలో మెత్తటి అరటినార. ఏం చేసిందంటారు? ఆఁ, మీరనుకున్నదే చేసింది. పాత దారం కొరికేసి పూసలన్నీ ఒళ్ళో పోసుకుంది.

పోసుకున్నాక ఒక వింత కనబడింది. మెడ ముందు భాగంలో ఉండేవన్నీ గుండ్రటి కుంకుడు గింజలే. మెడ వెనక, బొచ్చులో దాక్కునే చోట మాత్రం అయిదు చింతపిక్కలున్నాయి. ఒకటి చిట్లింది. ఒకదాని బెజ్జం చివరికి పోయింది. ఒకదానికి రెండు బెజ్జాలు! "అమ్మ దండలోకి ఈ దరిద్రం ఎలా వచ్చింది?" అనుకుంది కనకాంబరం. తీసేద్దామనుకుంది. తీసేస్తే దండ పొట్టిదైపోతుంది. అందుకని అన్నీ కలిపి గబగబా గుచ్చేసింది, చివర ఒక్క ముడి వేసింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

"అమ్మా, ఒక్కసారి వేసుకుని చూస్తానే!" అని చామంతి ఎగిరి గంతేసింది. వేసుకుంది. నాలుగు కొమ్మలు తిరిగి అందరికీ చూపించింది. ఎండ చుర్రుమంటోంది. తడి నార ఆరింది, బిగిసింది, పెళుసెక్కింది. చామంతి వాగు మీదికి వంగిన కొమ్మ నుంచి అవతలి కొమ్మకు దూకింది. దూకడం దూకడమే, దండ పుటుక్కున తెగింది.

ఇరవై ఒక్క పూసా వాగులో పడ్డాయి.

కనకాంబరం చెట్టు మీంచి పడుతూ లేస్తూ దిగింది. చామంతి నీళ్ళలోకి దూకబోతే రాజ్యం రెక్కలు అడ్డం పెట్టి ఆపింది. పొద్దు వాలేదాకా ముగ్గురూ వెతికారు. వాగు పెద్దది కాదుగానీ ఉరవడి ఎక్కువ. గుండ్రటి గింజలు దొర్లుకుంటూ పోయాయి. ఎనిమిది పోయాయి, ఎనిమిది దొరికాయి. వంకర చింతపిక్కలు అయిదుకు అయిదూ రాళ్ళ సందుల్లో ఇరుక్కుని దొరికాయి.

"నాదే పాపం వదినా" అని రాజ్యం తల దించుకుంది. ఆవిడ అంత తక్కువ మాట్లాడటం అడవిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

చామంతి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "పోనీలేమ్మా" అంది చిన్న గొంతుతో. ఆ మాటకే కనకాంబరం భోరుమంది. అమ్మ చేతి పూసలు పోగొట్టింది. కూతురు అడిగిన ఒక్క కోరికా తీర్చలేకపోయింది.

దొరికిన పదమూడు పూసలూ ఆకులో చుట్టుకుని ముత్యాలవ్వ దగ్గరికి వెళ్ళింది. అవ్వ అప్పుడే నిద్ర లేచి ఒళ్ళు విరుచుకుంటోంది. ఆకు విప్పి చూసింది. ఒక పూసకు అంటుకున్న నార పోగు లాగి చూసింది.

"అరటినారా?"

"అవునవ్వా."

"అరటినార పూలకే. పూలు సాయంత్రానికి వాడిపోతాయి, నారా వాటితోనే పోతుంది. పూసలు మనందరికంటే ఎక్కువ కాలం బతకాలి. వాటికి కిత్తలి మట్టల్లోంచి తీసిన నార కావాలి. నారకు మైనం పట్టించాలి. పూసకీ పూసకీ మధ్య ముడి వెయ్యాలి. ముడి ఉంటే, తెగినా ఒకటో రెండో పోయేవి. ఇదంతా చెప్పడానికేగా మూడు దండలు పట్టుకుని రమ్మన్నది!"

"తిట్టు అవ్వా. ఎంత తిట్టినా తక్కువే. మంచివన్నీ పోయాయి. ఈ వంకరవి మాత్రం మిగిలాయి."

అవ్వ ఆ చింతపిక్కల్లో ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూసింది. ముసలి మొహం విచ్చుకుంది.

"ఒసే పిచ్చిదానా! ఇవి వంకరవా? ఇవి మీ అమ్మ మొదటిసారి చేసిన పూసలే. నా కళ్ళెదురుగా చేసింది. ఇదిగో, ఈ రెండు బెజ్జాలది చేసినప్పుడు ఎంత ఏడ్చిందో! ఇక్కడే, ఈ రాయి మీదే కూర్చుని. 'నా వల్ల కాదే ముత్యాలూ' అని ముల్లు అవతల పారేసింది. నేను పోయి వెతికి తెచ్చాను."

కనకాంబరం నోరు తెరుచుకుని వింటోంది. అమ్మ ఏడవడమా? అమ్మకు చేత కాకపోవడమా? అది ఎప్పుడూ అమ్మ చేతుల్ని పని వచ్చిన చేతులుగానే చూసింది.

"మరి వీటిని పారెయ్యకుండా దండలో ఎందుకు గుచ్చింది?"

"పూసల పనివాళ్ళం ఎవరమూ మొదటివి పారెయ్యమే. మెడ వెనక్కి గుచ్చుకుంటాం. ఎవరికీ కనబడవు. మనకు మాత్రం తగులుతూ ఉంటాయి, ఇక్కణ్ణించే కదా వచ్చాం అని." అవ్వ ఆ రాయిని అరచేత్తో నిమిరింది. "ఆ రోజులే వేరమ్మా. మేమిద్దరం ఈ రాయి మీద కూర్చుంటే పొద్దే తెలిసేది కాదు."

కనకాంబరం ఆ రెండు బెజ్జాల పిక్కను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. దుఃఖమూ ఉంది, లోపల ఎక్కడో చల్లగానూ ఉంది. తరవాత లేచి వెళ్ళి గుప్పెడు పిక్కలు తెచ్చుకుని నానబెట్టింది.

ఈసారి సిగ్గుపడలేదు, విసిరికొట్టలేదు. మొదటి దండకు సగం పిక్కలు చిట్లాయి. రెండో దండకు చిట్లలేదుగానీ బెజ్జాలన్నీ తలోవైపు పోయాయి. మూడో దండకు బెజ్జాలు కాస్త కుదిరాయి, ముడి జారింది. అవ్వ పక్కన కూర్చుని కోప్పడుతూ, నవ్వుతూ, మధ్యమధ్య మందారం కబుర్లు చెబుతూ ముడి వెయ్యడం చూపించింది. రాజ్యం వెళ్ళి తేనెపట్టు మైనం తెచ్చి ఇచ్చింది, అదీ అడక్కుండానే. ఆ మూడు దండల్లోంచి ఎనిమిది పూసలు ఏరుకుంది కనకాంబరం. కిత్తనారకు మైనం పట్టించి, ముందువైపుకు అమ్మ కుంకుడు గింజలు, వెనకవైపుకు అమ్మ చింతపిక్కలు అయిదూ, వాటి పక్కనే తనవి ఎనిమిదీ, పూసపూసకీ ముడి వేస్తూ గుచ్చింది.

దండ పూర్తయిన మర్నాడే తొలకరి వచ్చింది. పెద్ద పెద్ద చినుకులు మద్దాకుల మీద టపటపా పడుతున్నాయి. కనకాంబరం కూతురి మెళ్ళో దండ వేసింది. చామంతి మెడ వెనక తడుముకుంది.

"ఇక్కడేంటమ్మా, గరుగ్గా తగులుతున్నాయి?"

"అయిదు మీ అమ్మమ్మ మొదటిసారి చేసినవి. ఎనిమిది నేను మొదటిసారి చేసినవి."

"అమ్మమ్మవీ ఇలాగే ఉన్నాయా!"

"నావాటికంటే ఘోరంగా ఉన్నాయి" అంది కనకాంబరం. ఆ మాట అంటుంటే నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అమ్మ పోయిన తరవాత అమ్మను తలుచుకుని అది నవ్వడం అదే మొదలు.

చామంతి గుమ్మందాకా వెళ్ళింది. వాన చూసింది. మళ్ళీ వెనక్కి వచ్చి తల్లి పక్కన చతికిలబడింది.

"వాన తగ్గాక వెళ్తానే. ఒక్క పూస ఎలా చేస్తారో నాకూ చూపించు."

కనకాంబరం నానిన పిక్క ఒకటి చేతికిచ్చింది, ముల్లు ఇచ్చింది. చామంతి నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పింది. బెజ్జం ఓ పక్కకి పోయింది. మొహం చిన్నబుచ్చుకుని తల్లి వైపు చూసింది.

"బాగా కుదిరిందే తల్లీ" అంది కనకాంబరం. కూతురి మెళ్ళో దండకు వెనకున్న చివరి ముడి విప్పి, ఆ పూసను అమ్మమ్మ పూసల పక్కన గుచ్చింది.

నీతి: ఏ పనైనా మొదట వంకరగానే వస్తుంది. ఆ వంకరకు సిగ్గుపడి అడ్డదారి తొక్కితే ఉన్నవీ పోతాయి. దాన్ని దాచుకుని మళ్ళీ కూర్చుంటే చెయ్యి తిరుగుతుంది.